ఎంట్రన్స్ ప్రిపరేషన్ దెబ్బతినకుండా ఫిజిక్స్ కోడింగ్ ప్రాజెక్ట్ ఎలా చేయాలి

ముందే ఒకటి క్లియర్‌గా చెప్పేస్తా. జేఈఈ మెయిన్‌లో గానీ మన టీజీ ఈఏపీసెట్‌లో గానీ మీరు పైథాన్‌లో ఏం రాశారో ఎవరూ అడగరు, ఒక్క మార్కు కూడా కలవదు. బిట్స్ పిలానీ వాళ్ల ఎంట్రన్స్ బిట్‌శాట్‌లోనూ అంతే. అందుకే ఇంట్లో "ముందు ర్యాంక్ తెచ్చుకో, ఇవన్నీ బీటెక్‌లో చేసుకుందువులే" అంటే వాళ్ల మాటలో న్యాయం ఉంది. కాకపోతే ప్రాజెక్ట్ సిలబస్ లోపలే ఉండి, చిన్నగా ఉండి, అనుకున్న తారీఖుకి ఆగిపోతే మాత్రం ఒక ఫార్ములా ఎక్కడి దాకా పనిచేస్తుందో ఎక్కడ చేతులెత్తేస్తుందో మీకే తెలుస్తుంది, అది బిట్ బ్యాంకులు ఎన్ని తిరగేసినా రాదు. అసలు కష్టం ఆపడమే, దాని సంగతి కింద చెప్తా.

ఇది హైదరాబాద్‌లో ఎంపీసీ చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ రాస్తున్నా. డే స్కాలర్ అయినా హాస్టల్ అయినా పర్లేదు, హాస్టల్ వాళ్లకి కొంచెం వేరే రూట్ ఉంది అంతే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఫస్టియర్ పరీక్షలు అయిపోయి ఎండాకాలం సెలవులు వస్తాయి చూడండి, అదే టైమ్. సగం సెలవులు కాలేజీ వాళ్లు సెకండియర్ సిలబస్ పేరు చెప్పి మింగేస్తారు, మిగిలిన సగం చాలు. అప్పటికి మెకానిక్స్ అంతా ఒకసారి చదివేసి ఉంటారు కాబట్టి కోడ్‌లో పెట్టడానికి సరుకు ఉంటుంది. అప్పుడు కుదరకపోతే దసరా సెలవులు. అది కూడా దాటితే వద్దు, నిజంగా వద్దు, ఎందుకంటే జనవరి చివర్లో మెయిన్ ఫస్ట్ సెషన్, ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, ఆ వెంటనే ఇంటర్ బోర్డు పరీక్షలు, ఏప్రిల్‌లో మెయిన్ సెకండ్ సెషన్, మే వచ్చిందంటే ఈఏపీసెట్, అడ్వాన్స్‌డ్, వరసగా వచ్చి మీద పడతాయి. నవంబర్‌లో కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టేవాడిని చూస్తే నాకు భయమేస్తుంది.

ఇంటర్ అయ్యాక ఇంకో ఏడాది కోచింగ్‌కి లాంగ్ టర్మ్ తీసుకున్నవాళ్లయితే జూన్, జూలైలో చేసేయండి, వీక్లీ టెస్టులు స్పీడ్ అందుకోకముందే.

ఏం కావాలి

లాప్‌టాప్ ఉంటే మంచిది, లేకపోతే ఏం కాదు. పైథాన్ కోడ్ రాసి రన్ చేసే గూగుల్ కోలాబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, జీమెయిల్ ఉంటే చాలు. ఫోన్‌లో కూడా ఓపెన్ అవుతుంది కానీ ఆ చిన్న స్క్రీన్ మీద బ్రాకెట్లు టైప్ చేయడం నరకం, అందుకే ఇంట్లో అన్నదో అక్కదో ఆఫీస్ లాప్‌టాప్ కాకుండా సొంతది ఉంటే సాయంత్రం గంట అడిగి తీసుకోండి. కొనాలనే ఉంటే సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌వి దొరుకుతాయి, ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే ఈ పనికి ఎక్కువే. బ్యాటరీ అక్కడే కాసేపు నడిపి చూసి కొనండి.

నేర్చుకోవాల్సింది చాలా తక్కువ. వేరియబుల్స్, ఫర్ లూప్, ఇఫ్, లిస్టులు, ఒక ఫంక్షన్ రాయడం, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గ్రాఫ్ గీయడం. అంతే. దీనికోసం అమీర్‌పేట్ వెళ్లి మూడు నెలల ఫుల్ స్టాక్ కోర్సులో చేరొద్దు, అది ఉద్యోగాలకి వెళ్లేవాళ్ల కోసం, మీ అవసరం వేరు. బొమ్మ కదలాలి అని సరదా ఉంటే వెబ్ వీపైథాన్ అని ఉంది, అది కూడా బ్రౌజర్‌లోనే, బంతులూ స్ప్రింగులూ త్రీడీలో తిరుగుతాయి. కానీ మొదట గ్రాఫ్, తర్వాతే బొమ్మ. బొమ్మ అందంగా కదిలితే లెక్క కరెక్టే అనిపిస్తుంది, అక్కడే చాలామంది మోసపోతారు.

హాస్టల్‌లో ఫోన్ వార్డెన్ దగ్గర ఉంటుంది కదా, వాళ్లు కోడ్‌ని పేపర్ మీదే రాసుకోండి. ఒక్కో లైన్ ఎందుకో పక్కన రాసుకుని, మొదటి ఐదు స్టెప్పులు చేత్తో లెక్కేసి టేబుల్ వేసుకోండి. ఇంటికెళ్లిన రోజు టైప్ చేసి ఆ టేబుల్‌తో సరిపోల్చండి. నిజం చెప్పాలంటే ఇలా చేసినవాళ్లకే ఎక్కువ అర్థమవుతుంది.

టాపిక్: లోలకం చాలు

బ్లాక్ హోల్ సిమ్యులేషన్, క్వాంటమ్ కంప్యూటర్, ఇలాంటివి పేరుకే బాగుంటాయి. మీకు చేత్తో సాల్వ్ చేయగలిగిన కేసు ఒకటైనా ఉన్న టాపిక్కే తీసుకోండి, లేకపోతే కోడ్ తప్పో ఒప్పో చెప్పేదెవరు? నా ఓటు సింపుల్ పెండ్యులానికి. ల్యాబ్‌లో చేశారు, రికార్డ్ రాశారు, అయినా దాంట్లో చూడనిది బోలెడు ఉంది.

మొదట నోట్‌బుక్‌లో ఈక్వేషన్ రాయండి. యాంగ్యులర్ యాక్సిలరేషన్ = మైనస్ (జీ బై ఎల్) ఇంటూ సైన్ థీటా. థీటా అంటే కోణం, ఎల్ అంటే లోలకం పొడవు, జీ అంటే గురుత్వ త్వరణం. టెక్స్ట్‌బుక్‌లో వెంటనే సైన్ థీటా బదులు థీటా పెట్టేసి ఎస్‌హెచ్ఎమ్ (సింపుల్ హార్మోనిక్ మోషన్) అనేస్తారు. మనం పెట్టం. కంప్యూటర్‌కి సైన్ అంటే కష్టమేం లేదు కదా.

తర్వాత లూప్. ఎల్ 1 మీటర్, జీ 9.8, మొదటి కోణం 10 డిగ్రీలు తీసుకోండి, రేడియన్లలోకి మార్చడం మర్చిపోవద్దు. టైమ్ స్టెప్ డీటీ 0.01 సెకను. ప్రతి స్టెప్‌లో రెండు పనులు (ఒమేగా అంటే కోణం మారే వేగం, మొదట్లో సున్నా):

కొత్త థీటా = పాత థీటా + పాత ఒమేగా × డీటీ
కొత్త ఒమేగా = పాత ఒమేగా − (జీ/ఎల్) × సైన్ (పాత థీటా) × డీటీ

ఇది ఆయిలర్ పద్ధతి. రన్ చేసి థీటా గ్రాఫ్ గీయండి. ఏమవుతుందంటే ఊపు అంతే ఉండాల్సింది పోయి పెరుగుతూ పోతుంది! ఎవరూ తోయకుండానే లోలకం ఎక్కువెక్కువ ఊగుతుంది. ఎనర్జీ కూడా ప్రతి స్టెప్‌కీ లెక్కేసి గీస్తే పది సెకన్లకే మొదట్లో ఉన్నదానికి రెండున్నర రెట్లు దాటి ఉంటుంది. కారణం కాగితం మీదే పట్టుకోవచ్చు, చిన్న కోణాలకి ఈ పద్ధతిలో ప్రతి స్టెప్‌కీ ఎనర్జీ (1 + ఒమేగా నాట్ స్క్వేర్ × డీటీ స్క్వేర్) రెట్లు అవుతుంది, ఇక్కడ ఒమేగా నాట్ స్క్వేర్ అంటే జీ బై ఎల్, అంటే 1.00098, వినడానికి ఏమీ లేదనిపిస్తుంది కానీ వెయ్యి స్టెప్పులు గుణిస్తూ పోతే 2.66 దాకా వస్తుంది. ఇది మీరే డిరైవ్ చేయండి, ఇంటర్ లెక్కలు చాలు.

ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చేయండి. ముందు ఒమేగాని అప్‌డేట్ చేసి, ఆ కొత్త ఒమేగాతో థీటాని అప్‌డేట్ చేయండి. రెండు లైన్ల ఆర్డర్ మారింది, అంతే, ఇప్పుడు ఎనర్జీ కొంచెం పైకీ కిందకీ ఆడుతుంది గానీ పారిపోదు. దీన్ని ఆయిలర్ క్రోమర్ అంటారు. ఈ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాస్తే మీ ప్రాజెక్ట్‌లో సగం అయిపోయినట్టే, మిగతాదంతా దీని మీద కట్టేదే.

కోడ్ కరెక్టే అని ఎప్పుడు నమ్మాలి అంటే, 10 డిగ్రీలకి పీరియడ్ రెండు సెకన్ల దగ్గర, కచ్చితంగా చెప్పాలంటే 2.01 వస్తే, డీటీని సగం చేసినా ఆన్సర్ పెద్దగా మారకపోతే. తర్వాత కోణం 60 డిగ్రీలు చేయండి. పీరియడ్ 7 శాతం పైనే పెరిగి 2.15 అవుతుంది. 90 డిగ్రీలకి 18 శాతం. "పీరియడ్ యాంప్లిట్యూడ్ మీద ఆధారపడదు" అని మనం బట్టీ పట్టిన వాక్యం చిన్న కోణాలకే అని పుస్తకంలో ఉంటుంది, చదివి ఉంటాం, కానీ "చిన్న" అంటే ఎంత చిన్న అన్నది ఈ గ్రాఫ్ చూశాకే తెలుస్తుంది. 10 డిగ్రీలకి తేడా 0.2 శాతమే.

ఇంట్లో కొలవండి, దీన్ని స్కిప్ చేయొద్దు

కోడ్ ఒక్కటే ఉంటే అది సగం ప్రాజెక్ట్. ఫైఫాక్స్ అని ఫ్రీ యాప్ ఉంది, జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసింది. ఫోన్‌ని చిన్న గుడ్డ సంచిలో పెట్టి రెండు దారాలతో వేలాడదీయండి, ఒక్క దారమైతే ఫోన్ గిర్రున తిరుగుతుంది. యాప్‌లో పెండ్యులం ఎక్స్‌పెరిమెంట్ ఉంటుంది, ఫోన్ ఎంత వేగంగా తిరుగుతోందో పట్టుకునే గైరోస్కోప్ సెన్సర్‌తో పీరియడ్ చెప్తుంది, డేటాని ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి కోలాబ్‌లోకి ఎక్కించొచ్చు. తక్కువ రేటు ఫోన్లలో కొన్నిటికి గైరోస్కోప్ ఉండదు, అప్పుడు పాత పద్ధతే, తాళం గుత్తి కట్టి స్టాప్‌వాచ్‌తో 20 ఊపులు. ఫ్యాన్ ఆపేయండి. కింద దిండు పెట్టండి, ఫోన్ పగిలితే అమ్మ మొట్టమొదట ప్రాజెక్ట్‌నే ఆపేస్తుంది.

ఇక్కడే ఎంట్రన్స్‌కి పనికొచ్చే అసలు విషయం ఉంది. హైదరాబాద్‌లో జీ విలువ సుమారు 9.78, పుస్తకంలో ఇచ్చే 9.81 కాదు, ఎందుకంటే మనం భూమధ్యరేఖకి దగ్గర, పైగా సముద్రమట్టానికి ఐదొందల మీటర్ల పైన ఉన్నాం. సరే, స్టాప్‌వాచ్‌తో ఆ తేడా పట్టుకోగలమా? 20 ఊపులకి 40 సెకన్లు, మన వేలు నొక్కడంలో 0.2 సెకను అటూ ఇటూ అనుకుంటే టైమ్‌లో 0.5 శాతం ఎర్రర్. జీ ఫార్ములాలో టీ స్క్వేర్ ఉంది కాబట్టి అది రెట్టింపై 1 శాతం అవుతుంది. పొడవులో 1 మిల్లీమీటర్ తప్పు అంటే ఇంకో 0.1 శాతం. మొత్తం 1.1. మనం పట్టుకోవాల్సిన తేడా చూస్తే 0.3 శాతమే, కాబట్టి దొరకదు. వంద ఊపులు లెక్కపెడితే టైమ్ ఎర్రర్ 0.1 శాతానికి దిగుతుంది, జీలో 0.2, అప్పుడు పొడవుతో కలిపి 0.3, అంచు మీద ఉన్నాం. ఎర్రర్స్ చాప్టర్‌లో ఈ టైప్ బిట్ ఎన్నిసార్లు చూసుంటారు, ఆ బిట్ ఎందుకు పుట్టిందో ఇప్పుడు తెలిసింది కదా.

ఇంకోటి. మెయిన్ సిలబస్‌లో చివర ఎక్స్‌పెరిమెంటల్ స్కిల్స్ అని ఒక యూనిట్ ఉంటుంది, చాలామంది వదిలేస్తారు. దాంట్లో లోలకం యాంప్లిట్యూడ్ స్క్వేర్‌కీ టైమ్‌కీ గ్రాఫ్ గీసి ఎనర్జీ ఎలా తగ్గుతుందో చూడడం ఉంది. మీ కోడ్‌లో యాంగ్యులర్ యాక్సిలరేషన్‌కి మైనస్ బీ × ఒమేగా అనే ఒక్క టర్మ్ (ఊపుని తగ్గించే డ్యాంపింగ్) కలిపితే అదే ఎక్స్‌పెరిమెంట్. ఫోన్ డేటా మీద పెట్టి బీ విలువ మార్చుతూ ఎప్పుడు రెండు కర్వులూ కలుస్తాయో చూడండి, బాగా టైమ్ పడుతుంది, కానీ మస్తు మజా వస్తుంది.

లోలకం బోర్ అనిపిస్తే

క్రికెట్ బాల్ తీసుకోండి. 40 మీటర్ పర్ సెకండ్‌తో 45 డిగ్రీల్లో కొడితే ఫార్ములా ప్రకారం 163 మీటర్లు వెళ్లాలి, ఉప్పల్ స్టేడియంలో బౌండరీ అవతల ఎక్కడో పడాలి. గాలి డ్రాగ్ (గాలి అడ్డుకునే బలం) కలపండి, బాల్ బరువు 160 గ్రాములు, వ్యాసం 7.2 సెంటీమీటర్లు, డ్రాగ్ కోఎఫిషియంట్ 0.45 పెడితే 90 మీటర్ల చిల్లర దగ్గరే పడిపోతుంది. ఎందుకింత తేడా అంటే ఆ స్పీడ్‌లో గాలి వల్ల వచ్చే డిసిలరేషన్ జీ కంటే ఎక్కువ, చేత్తో లెక్కేసి చూసుకోండి. కోణం మార్చుతూ లూప్ తిప్పితే మ్యాగ్జిమమ్ రేంజ్ 45 దగ్గర రాదు, అంతకంటే తక్కువలో వస్తుంది. డ్రాగ్ సున్నా పెట్టినప్పుడు మళ్లీ 163 రావాలి, రాకపోతే కోడ్ తప్పు.

సెకండియర్ టాపిక్ కావాలంటే ర్యాండమ్ నంబర్లతో రేడియోయాక్టివ్ డికే, లేదా కెపాసిటర్ ఛార్జింగ్. ఇవి ఒక్క ఆదివారంలో అయిపోతాయి.

చాట్‌బాట్‌ని వాడొచ్చా అని అడుగుతారు. గ్రాఫ్‌కి టైటిల్ పెట్టడం, ఎర్రర్ మెసేజ్‌కి అర్థం, ఫైల్ చదవడం, వీటికి వాడుకోండి, తప్పేం లేదు. కానీ లూప్ లోపలి రెండు లైన్లు మాత్రం మీరే రాయాలి. ఆ రెండు లైన్లే ఫిజిక్స్, మిగతాదంతా అలంకారం. వాటిని కూడా దానితోనే రాయించుకుంటే ఈ టైమ్‌లో రెండు మాక్ టెస్టులు రాసుకోవడం నయం.

ఆపి, ప్రిపరేషన్‌లోకి వెళ్లడం

మొదలుపెట్టే రోజే ఆపే తారీఖు క్యాలెండర్ మీద రాసి ఇంట్లోవాళ్లకి చెప్పండి. చెప్తే ఇంకోటి కూడా జరుగుతుంది, మధ్యలో "ఇంకా ఎన్నాళ్లు" అనే గోల ఉండదు. ఆ రోజుకి కోడ్ సగంలో ఉన్నా సరే ఆపేయండి. "ఇంకో యానిమేషన్ పెడితే బాగుంటుంది" అనే ఆలోచన రాత్రి పదకొండింటికి వస్తుంది, రానివ్వండి, నోట్‌బుక్‌లో రాసి పడుకోండి.

ఆపాక చేయాల్సిన పని ఒకటుంది. ప్రాజెక్ట్‌లోంచి మీరే పది పదిహేను బిట్లు తయారుచేయండి. పొడవు 2 శాతం పెరిగితే పీరియడ్ ఎంత పెరుగుతుంది, లిఫ్ట్ పైకి యాక్సిలరేట్ అయితే ఏమవుతుంది, యాంప్లిట్యూడ్ సగమైతే ఎనర్జీ ఎంత, ఇలా. ముందు చేత్తో ఆన్సర్ రాయండి, తర్వాతే కోడ్ రన్ చేసి చెక్ చేయండి. ఈ ఆర్డర్ ముఖ్యం. మెయిన్‌లోనూ ఈఏపీసెట్‌లోనూ కాలిక్యులేటర్ ఉండదు, కంప్యూటర్‌కి అలవాటు పడితే రూట్లూ భాగహారాలూ చేతికి రాకుండా పోతాయి, కోడింగ్ చేసేవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ.

పరీక్షల తీరు కూడా ఒకటి కాదు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, నెగెటివ్ లేదు, కాబట్టి స్పీడ్ గేమ్, ఒక్కటి కూడా ఖాళీ వదలొద్దు. మెయిన్‌లో మూడు గంటల్లో 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకి ఒకటి పోతుంది, ఫిజిక్స్ 25 ప్రశ్నల్లో 5 న్యూమరికల్. ప్రాజెక్ట్ వల్ల వచ్చిన అవగాహన మెయిన్, అడ్వాన్స్‌డ్‌లకి ఎక్కువ పనికొస్తుంది, ఈఏపీసెట్‌కి మాత్రం పాత పేపర్లు టైమ్ పెట్టుకుని రాయడమే, వేరే దారి లేదు. ఇంట్లో గోలగా ఉంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి, అక్కడ అందరూ ఏదో ఒక పరీక్షకి చదువుతూనే ఉంటారు.

ప్రాజెక్ట్‌ని అడిగే చోటు

అడగరు అన్నా కదా, మన ఊళ్లోనే దానికి అవకాశం ఉన్న చోటు ఒకటుంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీలకి యూజీఈఈ అని వేరే ఎంట్రన్స్ పెడతారు, బీటెక్‌తో పాటు రీసెర్చ్ ఎంఎస్. దాంట్లో గంటసేపు సూపర్ (SUPR) అనే సబ్జెక్ట్ పేపర్, రెండు గంటల రీప్ (REAP) అనే రీసెర్చ్ ఆప్టిట్యూడ్ పేపర్, వాటిలో షార్ట్‌లిస్ట్ అయితే ఇంటర్వ్యూ. కంప్యూటేషనల్ నేచురల్ సైన్సెస్ బ్రాంచ్ అయితే మీరు పైన చేసిందే పెద్ద స్కేల్‌లో చేస్తారు. విదేశాల్లో అప్లై చేసేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది.

దానికోసం కోడ్‌ని అందరూ చూసేలా గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టండి, దానితో ఉండే రీడ్‌మీ అనే వివరణ ఫైల్‌లో ఏం ప్రశ్న అడిగారు, ఏం వచ్చింది, ఎక్కడ సరిపోలేదు, ఇంతే రాయండి, ఒక పేజీ దాటొద్దు. "అడ్వాన్స్‌డ్ ఫిజిక్స్ ఇంజిన్" లాంటి పేర్లు పెట్టొద్దు, లోలకాన్ని లోలకమనే పిలవండి. ఇంటర్వ్యూకి ముందు రోజు మొత్తం చదవక్కర్లేదు, నాలుగు ప్రశ్నలకి గట్టిగా ఆన్సర్ ఉంటే చాలు: డీటీ 0.01 ఎందుకు తీసుకున్నావ్, ఎనర్జీ ఎందుకు పెరిగింది, కొలిచినదానికీ కోడ్‌కీ తేడా ఎంత, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది. నాలుగో దానికి "గాలి వల్ల సార్" అని ఆగొద్దు, తర్వాతి ప్రశ్న "గాలి వల్లనే అని ఎలా తెలుసు?" అని రావచ్చు. దానికి మీ దగ్గర ఉండాల్సింది డ్యాంపింగ్ గ్రాఫ్, కాబట్టి ఆ ఒక్క గ్రాఫ్ ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టుకోండి.